బొంత ముక్కలుగా కుడదాం, గంటలు లెక్కగా రాద్దాం

(సోలాపూర్‌లో జరిగిన మిల్లు కుటుంబాల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మేము బోనసు గురించో, గ్రాట్యుటీ గురించో మాట్లాడతామని మీరు అనుకొని ఉంటారు. అవి వచ్చే సమావేశంలో ఉన్నాయి. ఈరోజు మాట్లాడేది బొంత గురించి. వెనుక వరుసలో కొందరు సోదరులు నవ్వుతున్నారు. నవ్వండి. నవ్వినవారంతా రాత్రి ఇంటికి పోయి ఎవరో కుట్టిన బొంత మీదనే పడుకుంటారు. ఆ కుట్టినవారు ఎవరు, ఎన్ని గంటలు కుట్టారు అని ఎప్పుడైనా అడిగామా? మేమూ అడగలేదు. అందుకే ఈ ప్రసంగం.

బొంత మనకు కొత్త కాదు. మన పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపుల నుండి మగ్గం పని చేతబట్టుకొని ఈ ఊరికి వచ్చారు. ఇక్కడ 1877లో జూనీ మిల్లు మొదలైంది. తరువాత మరికొన్ని మిల్లులు వచ్చాయి, చాదర్ల కార్ఖానాలు వచ్చాయి. ఊరంతా చాదర్లు నేసినా, నేసేవాడి ఇంట్లో మాత్రం పరుచుకొనేది పాత చీరల బొంతే. మరాఠీవారు దానిని గోధడి అంటారు, వాకళ అంటారు. కన్నడంవారు కౌది అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే. చిరిగిన చీర, అరిగిన ధోతి పొరలుగా పేర్చి, సూదితో గీతలు గీసినట్టు కుట్టుకుంటూ పోవడం.

ఇక అసలు సంగతికి వస్తాము. కొన్నేండ్ల క్రితం ఒక వ్యాపారి మన పేటకు వచ్చాడు. పెద్ద నగరాల దుకాణాల్లో చేతికుట్టు బొంతలకు మంచి గిరాకీ ఉందని చెప్పాడు. బట్ట నేను ఇస్తాను, కుట్టి ఇవ్వండి, బొంతకు ఇంత అన్నాడు. పన్నెండు మంది అక్కలు తలా రెండు బొంతలు తీసుకున్నారు. కాగితం లేదు, చిట్టీ లేదు. నోటి మాట మాత్రమే.

అది వానాకాలం. మన ఇండ్లు మీకు తెలుసు. ఒక గది, దానిలోనే పొయ్యి, దానిలోనే బీడీ ఆకుల చేట, దానిలోనే పిల్లల చదువు. అంత పెద్ద బొంత పరిస్తే మనిషి కాలు పెట్టడానికి చోటు ఉండదు. పరిచినది రోజుకు నాలుగుసార్లు ఎత్తి చుట్టాలి, మళ్ళీ పరవాలి. ఎత్తినప్పుడల్లా పొరలు జరిగాయి. జరిగిన పొర మీద కుట్టితే ముడుత పడింది. గోడకు ఆనించిన అంచులకు తేమ పట్టి మచ్చలు వచ్చాయి. వ్యాపారి వచ్చి సగానికి సగం పనికిరావన్నాడు. బట్ట ఖరీదు కోసుకున్నాడు. కొందరి చేతికి ఏమీ రాలేదు.

అక్కలు యూనియన్ ఆఫీసుకు వచ్చారు. మేము ఆ వ్యాపారి దగ్గరకు పోయాము. గట్టిగానే మాట్లాడాము. అతడు కూర్చోమని చాయ్ తెప్పించి ఒకే మాట అడిగాడు: "సరే, సెక్రటరీ గారూ, ఒక బొంతకు ఎన్ని గంటలు పడుతుంది? గంటకు ఎంత కావాలంటారు? చెప్పండి, మాట్లాడదాం."

మాకు నోట మాట రాలేదు. సాంచా నిమిషానికి ఎన్ని పేకలు కొడుతుందో అడిగితే మేము నిద్రలో కూడా చెబుతాము. ఏ ఖాతాలో ఎంతమంది బద్లీలు, ఏ పాళీలో ఎంత ఉత్పత్తి, అన్నీ నోటికి వచ్చు. ఆ లెక్కలతోనే మేనేజ్‌మెంటు ముందు కూర్చొని వాదించినవాళ్ళం. ఒక బొంతకు ఎన్ని గంటలు పడుతుందో మాత్రం మాకు తెలియదు. చాయ్ తాగకుండానే లేచి వచ్చాము.

ఇంటికి వచ్చి మా ఇంటావిడను అడిగాము. ఆమె సూది దారం ఎక్కించుకుంటూ తల ఎత్తకుండానే అన్నది: "మిల్లుల పాళీలు లెక్కబెడ్తరు గని, ఇంట్ల పాళీలు ఎవలన్న లెక్కబెట్టిండ్రా? నాకేం ఎరుక ఎన్ని గంటలో. వంటకు లేస్త, నీళ్ళకు లేస్త, మళ్ల కూసుంట."

ఆ మాట మాకు బాగా తగిలింది. ఆమె చెప్పినదానిలో రెండు విషయాలున్నాయి. ఒకటి, పని మధ్యలో లేవవలసి వస్తుంది కనుక లెక్క తెగిపోతుంది. రెండు, బొంత మొత్తం ఒకే పనిగా ఉన్నంత వరకు ఎక్కడ మొదలు, ఎక్కడ చివర అన్నది ఎవరికీ తెలియదు. మిల్లులో అట్లా ఉండదు. దూది ఒక ఖాతాలో విడుతుంది, ఒక ఖాతాలో నూలవుతుంది, ఒక ఖాతాలో పడుగవుతుంది, సాంచా ఖాతాలో బట్టవుతుంది, చివర ఫోల్డింగులో మడత పడుతుంది. ఎవరి పని వారిది, ఎవరి లెక్క వారిది. అందుకే మిల్లు కార్మికుడు నా పని ఇంత అని చెప్పగలిగాడు. చెప్పగలిగాడు కనుకనే అడగగలిగాడు.

మరి బొంతను కూడా ఖాతాలుగా విడగొట్టలేమా? ఈ మాట మా పక్కింటి అవ్వతో అంటే ఆమె పకపక నవ్వింది. ఆమె పెనిమిటి బొంబాయిలో మిల్లు కార్మికుడు. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైనప్పుడు వాళ్ళు అక్కడ ఒక చాళ్‌లో ఉన్నారు. పది అడుగుల గది, ఆరుగురు మనుషులు. సమ్మె నెలల తరబడి సాగింది. జీతం లేదు. అవ్వ పాత చీరలన్నీ తీసి బొంతలు కుట్టింది. పరవడానికి చోటు లేదు కనుక చేటంత చేటంత ముక్కలుగా కుట్టి, చివరకు అన్నీ కలిపి అతికేది. "గింత జాగల నిండు బొంత ఎట్ల పరుస్తం బిడ్డా? ఒళ్ళె పట్టినంతనే కుట్టాలె" అన్నది. అంటే ఒడిలో పట్టినంత మాత్రమే. మేము సభలు పెట్టి వెతికే ఉపాయం ఆమె చేతిలో నలభై ఏండ్లుగా ఉంది.

ఆ పద్ధతిని మా ఇంట్లో, మరి నాలుగు ఇండ్లలో చేసి చూశాము. కొలతలు మేము రాసుకున్నాము. ఇప్పుడు అవి చెబుతాము. కాగితం, పెన్సిలు ఉన్నవారు రాసుకోండి.

మనం చేసేది ఒక మనిషి కప్పుకొనే బొంత. వెడల్పు 48 అంగుళాలు, పొడవు 78 అంగుళాలు. దానిని ఆరు ముక్కలు చేస్తాము. అడ్డంగా రెండు, నిలువుగా మూడు. పూర్తయ్యాక ఒక్కొక్క ముక్క 24 అంగుళాల వెడల్పు, 26 అంగుళాల పొడవు వస్తుంది. ఒడిలో పట్టేంత.

మొదట బట్ట. పాత బట్టను గంజి పోయేట్టు ఉతికి ఎండబెట్టాలి. రంగు దిగే బట్టను తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి పక్కన పెట్టాలి. పైన కాస్త గట్టి బట్ట, అడుగున మెత్తని నూలు చీర, మధ్యలో పాత ధోతి రెండు పొరలు. మన ఊరి టవల్ ఇంట్లో చాలా ఉంటుంది కదా అని మధ్యలో పెట్టవద్దు. తడిస్తే ఎత్తలేము, ఆరదు కూడా. బాగా అరిగిన బట్ట పక్కన కొత్త బట్ట కుట్టవద్దు. కొత్తది లాగి పాతదానిని చింపుతుంది.

రెండవది కోత. ప్రతి పొరనూ 26 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు కోసుకోవాలి. పూర్తయ్యే కొలతకన్నా రెండేసి అంగుళాలు ఎక్కువ ఎందుకంటే, కుట్టు పడితే బట్ట లోపలికి గుంజుకుంటుంది. ఇక్కడ నేతవాళ్ళ తెలివి ఒకటి ఉపయోగపడుతుంది. ఆరు ముక్కల్లోనూ పడుగు ఒకే వైపు ఉండాలి. పడుగు బొంత పొడవున పోవాలి. ఒక ముక్కలో పడుగు నిలువుగా, పక్క ముక్కలో అడ్డంగా ఉంటే ఉతికిన తరువాత ఒకటి సాగుతుంది, ఒకటి సాగదు, అతుకు మెలి తిరుగుతుంది. చీరలో పడుగు చీర పొడవునే ఉంటుంది కనుక గుర్తుపట్టడం తేలిక. ఒక మామూలు నూలు చీరలో ఆరు ముక్కల అడుగు పొర వచ్చేస్తుంది. అంచులు వేరుగా కోసి దాచుకోండి, తరువాత పనికివస్తాయి.

మూడవది కుట్టు. పొరలు పేర్చి చేతితో మధ్య నుండి బయటికి సాపు చేయాలి. అడ్డంగా, నిలువుగా పెద్ద పెద్ద కచ్చా టాకాలు వేయాలి. ఈ టాకాలు ఉంటే ముక్కను ఎన్నిసార్లు ఎత్తినా పొర జరగదు. వంటకు లేచినప్పుడు మడిచి గూట్లో పెట్టి పోవచ్చు. తరువాత మధ్య నుండి మొదలుపెట్టి అంగుళానికి ఒక వరుస చొప్పున కుట్టుకుంటూ పోవాలి. దారం ముడి పొరల మధ్యకు లాగి దాచాలి. ముఖ్యమైన మాట: నాలుగు వైపులా అంచు నుండి రెండు అంగుళాలు కుట్టకుండా వదలాలి. మేము మొదటి ముక్కను అంచు దాకా కుట్టి, అతికే సమయానికి అంతా విప్పవలసి వచ్చింది. ఒక సాయంత్రం వృథా అయింది.

నాలుగవది సరిచేయడం. 25 అంగుళాలు, 27 అంగుళాల అట్ట ఒకటి కోసి పెట్టుకోవాలి. కుట్టిన ముక్క మీద ఆ అట్ట పెట్టి సుద్దతో గీసి, ఎక్కువైన బట్టను కోసేయాలి. తరువాత పై బట్టను, అడుగు బట్టను మడిచి పట్టుకొని, మధ్య పొరను మాత్రం చుట్టూ ఇంకో అర అంగుళం కోయాలి. అప్పుడు మధ్య పొర సరిగ్గా 24 అంగుళాలు, 26 అంగుళాలు అవుతుంది. ఆరు ముక్కలకూ అదే అట్ట వాడాలి. ఎవరి ఇంట్లో కుట్టినా, ఎవరి చేతితో కుట్టినా అట్ట ఒకటే అయితే ముక్కలు కలుస్తాయి.

ఐదవది అతుకు. ఇది అందరూ భయపడే పని, కాని భయపడవలసింది లేదు. రెండు ముక్కల పై బట్టలను ముఖం ముఖం కలిపి పెట్టాలి. మధ్య పొరలు, అడుగు బట్టలు వెనక్కి మడిచి గుండుసూదులు పెట్టాలి. పై బట్టలు రెండింటినీ అంచుకు అర అంగుళం లోపల కుట్టాలి. మిషను ఉంటే మిషను మీద, లేకుంటే చేతితో దగ్గర దగ్గర టాకాలతో. తరువాత విప్పి బోర్లా పరచాలి. మధ్య పొరలు రెండూ అంచుకు అంచు ఆనుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, ఎక్కితే గట్టు లేచి వీపుకు గుచ్చుకుంటుంది. వాటిని వదులుగా సూదితో కలపాలి. ఇక అడుగు బట్ట. ఒక ముక్కది అట్లాగే పరిచి ఉంచాలి. రెండవ ముక్కది అర అంగుళం లోపలికి మడిచి దానిమీద పెట్టి సన్నని టాకాలతో కుట్టాలి. చివరకు అతుకుకు రెండు వైపులా, ఇందాక వదిలిన ఖాళీలో ఒక్కొక్క వరుస మామూలు కుట్టు వేస్తే అతుకు కదలదు.

ముందు రెండేసి ముక్కలు అతికి మూడు అడ్డ పట్టీలు చేసుకోవాలి. తరువాత ఆ మూడు పట్టీలు కలపాలి. పూర్తి బొంత పట్టుకొని కూర్చోవలసింది ఆ చివరి రెండు అతుకుల దగ్గర, చుట్టూ అంచు దగ్గర మాత్రమే. బయటి అంచులో మిగిలిన అర అంగుళాన్ని పైనా కిందా లోపలికి మడిచి కుట్టాలి. దాచిన చీర అంచును చుట్టూ పట్టీగా వేస్తే అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ పద్ధతిలో ఇంకొక లాభం కూడా ఉంది. ఏండ్ల తరువాత ఒక చోట చిరిగితే బొంతంతా పారేయనక్కరలేదు. ఆ ఒక్క ముక్కను విప్పి, వేరే ముక్క కుట్టి పెట్టవచ్చు.

ఇప్పుడు లెక్కకు వస్తాము. గోడ గడియారం చూసి, క్యాలెండరు మీద గీతలు పెట్టి లెక్క రాశాము. లేచినప్పుడు ఆపాము, కూర్చున్నప్పుడు మళ్ళీ మొదలుపెట్టాము. మా ఇంట్లో ఒక ముక్క కుట్టడానికి నాలుగు గంటలు పట్టింది. ఆరు ముక్కలకు 24 గంటలు. ఉతకడం వదిలేసినా కోతకు, పేర్పుకు 3 గంటలు. అతుకులకు, అంచులకు 7 గంటలు. మొత్తం 34 గంటలు. ఎనిమిది గంటల పాళీ లెక్కన నాలుగు పాళీలు నిండి ఇంకా రెండు గంటలు. చేయి తిరిగినవారికి కొంత తగ్గవచ్చు, కొత్తవారికి పెరగవచ్చు. ఎవరి లెక్క వారు రాసుకోవాలి.

ఆ వ్యాపారి బొంతకు ఇస్తానన్న మొత్తాన్ని ఈ 34తో భాగించి చూశాము. ఆ అంకె ఇక్కడ చదవడానికి మాకు సిగ్గుగా ఉంది. అతడు తక్కువ ఇచ్చాడన్న బాధ ఒకటి, మన అక్కలు అంత తక్కువకు కుట్టారన్నది ఇన్నాళ్ళు మనకు తెలియకపోవడం ఇంకొకటి. ఆ రెండవది మరీ సిగ్గు.

లెక్క ఉంటే ఏమవుతుంది అని అడుగుతారు. మీ చేతిలోని బీడీలనే చూడండి. బీడీ కూడా ఇంట్లో కూర్చొని చేసే పనే. కాని వెయ్యి బీడీలు అంటే వెయ్యి బీడీలే, లెక్క ఉంది. కొట్లాటలు జరిగాయి, 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. కుంభారిలో బీడీ కార్మిక మహిళలకు పదివేల ఇండ్లు 2006లో చేతికి వచ్చాయంటే, వారు కార్మికులుగా గుర్తింపు పొంది సంఘటితమైనందుకే.

కుట్టుపని విషయంలో కూడా దారి చూపినవారు ఉన్నారు. అహమ్మదాబాదులో మిల్లుల నుండి వచ్చే చిందీ గుడ్డలను వ్యాపారులు కొని, ఇండ్లలో ఉన్న ఆడవారికి ఇచ్చి, రజాయి గలీబులు కుట్టించుకొనేవారు. కూలి ఎంతో తక్కువ. అక్కడి మిల్లు కార్మికుల సంఘం మహిళా విభాగంలో పనిచేసిన ఇలా భట్ గారు 1972లో సేవా సంఘాన్ని స్థాపించారు. చిందీ కుట్టే ఆడవారు దానిలో చేరి రేటు కోసం పోరాడారు, తరువాత సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. చూడండి, మిల్లు కార్మికుల సంఘం నుండే ఆ దారి మొదలైంది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల కోసం 177వ ఒడంబడిక చేసింది. ఇంట్లో కూర్చొని ఇతరుల కోసం పనిచేసేవారికి మిగతా కార్మికులతో సమానమైన గౌరవం ఉండాలన్నది దాని సారాంశం. మన దేశం దానిని ఇంకా ఆమోదించలేదు. ఆమోదించే దాకా చేతులు కట్టుకొని కూర్చోవాలా? గంటలు రాయడానికి ఎవరి ఆమోదమూ అక్కరలేదు.

సోదరులారా, ఇక మీ సంగతి. ముక్కల పద్ధతిలో ఒక ముక్క మీరూ తీసుకోవచ్చు. సాంచా మీద తెగిన పోగును కన్ను మూసి తెరిచేలోగా ముడివేసిన చేతులు సూది పట్టలేవా? మేము ఒక ముక్క కుట్టాము. టాకాలు వంకరగా వచ్చాయి. మాకు నాలుగు కాదు, ఏడు గంటలు పట్టింది. మెడ పట్టేసింది. మా ఇంటావిడ ఆ ముక్కను విప్పలేదు, బొంతలో కాళ్ళ వైపు పెట్టి అతికింది. రోజూ అది కనబడుతుంది. ఆ ఏడు గంటల తరువాత మాకు ఒక విషయం బోధపడింది. ముప్పై ఏండ్లుగా ఆమె కుట్టిన బొంతల మీద పడుకొని, ఇంట్లో ఆమె ఏమి చేస్తుంది అని నలుగురిలో అడిగినప్పుడు, ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటుంది అని చెప్పినవాళ్ళం మేము.

అందుకే ఈ సమావేశం ముందు మూడు మాటలు పెడుతున్నాము.

మొదటిది, ముందు మన ఇంటి బొంతలు మనం కుట్టుకుందాం. చేయి తిరుగుతుంది, కొలత కుదురుతుంది. నలుగురైదుగురు కలిసి ఒక అట్ట పెట్టుకొని తలా ఒక ముక్క కుడితే నెలకు ఒక ఇంటికి ఒక బొంత తేలికగా వస్తుంది. అట్టలు యూనియన్ ఆఫీసులో కోసి పెట్టాము, వచ్చి తీసుకుపోండి.

రెండవది, ప్రతి ముక్కకు పట్టిన గంటలు రాయాలి. ఆఫీసులో ఒక పుస్తకం పెట్టాము. చదువు రానివారు వచ్చి చెబితే మేము రాస్తాము.

మూడవది, వ్యాపారి ఎవరు వచ్చినా ఒంటరిగా ఎవరూ పని తీసుకోవద్దు. ఆ పుస్తకం చూసి, కూర్చొని, రేటు మాట్లాడి, చిట్టీ రాయించుకొని తీసుకుందాం. పనికిరాదన్న బొంతను నలుగురి ముందు చూపించి ఎందుకు పనికిరాదో చెప్పాలని ముందే రాయించుకుందాం.

ఆ పన్నెండు మంది అక్కలకు పోయిన డబ్బు మేము తిరిగి ఇప్పించలేకపోయాము. వారిలో కొందరు ఈ సభలోనే కూర్చున్నారు. వారి ముందు ఈ మాట ఒప్పుకోవడం మా బాధ్యత. ఇంకోసారి ఎవరైనా ఎన్ని గంటలు అని అడిగితే, ఈసారి పుస్తకం తెరిచి చూపిస్తాము.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో మా పక్కింటి అవ్వ అతుకు వేసి చూపిస్తానన్నది. సూది, దారం, పాత చీర తెచ్చుకోండి. సోదరులు కూడా రండి.

 కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి.